అయిదో అక్షరం

“మెషీన్ని ఎవరు ముట్టుకున్నారు?”

పొద్దుట్నించి కొడుకు ఈ మాట అడగడం ఎన్నోసారో ఎవరూ లెక్కపెట్టలేదు. అడిగిన ప్రతిసారీ మొహం తండ్రి వైపు తిప్పే అడుగుతున్నాడు. కాబట్టి అది ప్రశ్న కాదని ఆ గదిలో అందరికీ తెలుసు.

కోడలు మంచం పక్కన నిలబడి ఉంది. చేతిలో రబ్బరు సంచి ఇంకా అలాగే ఉంది. మెషీన్ ఆగిపోయినప్పుడు అత్తగారి గొంతులో గొట్టానికి తగిలించి, చేత్తో నొక్కి ఊపిరి పోసే సంచి అది. మెషీన్ తనంతట తను మళ్ళీ లేచింది, తనను తాను పరీక్షించుకుంది, ఎప్పట్లా బుస్సుమంటూ పని మొదలుపెట్టింది. అయినా ఆమె వేళ్ళు సంచిని వదల్లేదు. నమ్మకం పోయాక వేళ్ళు మాత్రం ఎలా వదులుతాయి?

“నేను ముట్టుకోలేదురా,” అన్నారు మావగారు. ఆయన్ని వీధంతా టైపు మాస్టారంటుంది. జీవితమంతా పిల్లలకి టైపు నేర్పిన మనిషి. ఇప్పుడు నేర్పడానికి పిల్లలు లేరు గానీ, కుర్చీలో కూచున్నా సరే, ఎవరైనా మాట్లాడుతుంటే ఆయన వేళ్ళు చేతిపట్టె మీద ఆ మాటల్ని కొడుతూనే ఉంటాయి.

“ఆదివారం ముట్టుకోలేదూ? పేరు మార్చలేదూ?”

“పేరు మార్చాను. పేరు మారిస్తే ఊపిరాగిపోతుందిట్రా?”

“ఆదివారం దాకా ఒక్కసారైనా ఆగిందా నాన్నా? నువ్వు వేలు పెట్టాకే కదా ఈ దరిద్రం. ఎందుకు కెలుకుతావు ప్రతిదాన్నీ?”

మాస్టారు కోడలి వైపు చూశారు. ఆ చూపులో అడుక్కోవడం ఉంది. కోడలు ఆ మెషీన్లు తయారుచేసే కంపెనీలోనే ప్రోగ్రాములు రాస్తుంది. ఈ ఇంట్లో మెషీన్ విషయంలో ఆమె మాటే కడపటి మాట.

“పేరుకీ ఊపిరికీ సంబంధం లేదు,” అంది కోడలు మొగుడితో. “ఊరికే ఆయన్నెందుకు అంటావు?”

అంత గట్టిగా ఆమె అబద్ధం ఎప్పుడూ చెప్పలేదు. అది అబద్ధమని ఆమెకి అప్పటికి తెలియదు, అంతే.

ఆదివారం నాడు మెషీన్‌కి కొత్త ప్రోగ్రాం ఎక్కించింది తనే. మొదటి విడతగా కొన్ని ఇళ్ళకీ ఆసుపత్రులకీ మాత్రమే ఇచ్చారు. ఇంటి మెషీన్‌కి ముందు పెట్టుకుంటే తప్పేముందని, బజారు నుంచి కూరలు తెచ్చినంత తేలిగ్గా తెచ్చి ఎక్కించింది. కొత్త ప్రోగ్రాంలో తెర మీద రోగి పేరు పెద్ద అక్షరాల్లో కనిపిస్తుంది. అప్పటిదాకా కొడుకు పెట్టిన ‘అమ్మ’ అన్న పేరు మూలన చిన్నగా ఉండేది. అది ఒక్కసారిగా తెరంతా పరుచుకునేసరికి మాస్టారు నవ్వారు.

“ఇదేమిటి, ఈవిడ నాకు అమ్మేమిటి?” అని కుర్చీ జరుపుకుని, ఆ పేరు చెరిపి, ఒక్కో ఇంగ్లీషు అక్షరం వెతక్కుండా టకటకా కొట్టారు. బి, యు, జె, జె, ఐ.

బుజ్జి.

పెళ్ళయిన కొత్తలో పిలిచిన పిలుపు. పిల్లలు పుట్టాక నలుగురిలో పిలవడం మానేశారు. అది తెర మీద చూసి అత్తగారి కళ్ళు ఎంత వెలిగాయో ఆదివారం అందరూ చూశారు. ఇప్పుడు ఆ పేరు వైపు ఎవరూ చూడటం లేదు.

“వేరే మెషీన్ రేపటిదాకా రాదుట,” అన్నాడు కొడుకు, ఫోను జేబులో కుక్కుకుంటూ. “ఆసుపత్రిలో మంచం ఖాళీ లేదుట. అంటే ఇవాళంతా ఇలా సంచి పట్టుకుని కాపలా కాయాలన్నమాట. నీ కంపెనీ కూడా భలే కంపెనీ.”

కోడలు సంచిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

అప్పుడు నర్సమ్మ, పగలంతా అత్తగారిని కనిపెట్టుకుని ఉండే మనిషి, కోడలి దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

“కఫం బాగా పట్టేస్తోందమ్మా. గొట్టంతో లాగినా రావట్లేదు. ఆవిడ అసలు దగ్గటం లేదు. దగ్గమంటే తల అటు తిప్పేసుకుంటున్నారు.”

“దగ్గు రావట్లేదా?”

“రాకేం. వస్తోంది. బిగబట్టుకుంటున్నారు. మొహం చూడండి, ఎలా కందిపోయిందో.”

కోడలు వంగి చూసింది. అత్తగారి నుదుటి నరం ఉబ్బి ఉంది. గొంతులో గొట్టం ఉన్నందుకు ఆవిడకి శబ్దం లేదు, మాటంతా పెదవుల మీదే. కండరాల్లో బలం పోయింది గానీ బుర్ర మాత్రం మనందరికంటే చురుకు.

“అత్తయ్యా, ఎందుకు ఆపుకుంటున్నారు?”

పెదవులు మెల్లిగా కదిలాయి. కోడలు రెండోసారి అడిగి చదువుకుంది.

‘దగ్గితే... ఆగుతుంది.’

కోడలు తెర వైపు చూసింది. ఇంత చదువుకుని, మెషీన్‌లో ప్రతి మూలా తెలిసి, తను చెయ్యలేని పని మంచం మీదున్న మనిషి చేసింది. ఎప్పుడు ఆగుతోందో గమనించింది. గమనించి ఎవరినీ కంగారు పెట్టకుండా, తన దగ్గు తను మింగుతూ పడుకుంది.

“నేను ఆఫీసుకి వెళ్ళొస్తాను,” అంది కోడలు.

“ఇప్పుడా?” అన్నాడు మొగుడు. “అమ్మ ఇలా ఉంటే?”

“ఇలా ఉంది కాబట్టే.”

సంచి అతని చేతిలో పెట్టింది. అతను తీసుకుని మంచం పక్కకి కుర్చీ లాక్కున్నాడు.

*

ఆఫీసులో పరీక్ష గది చల్లగా, ఎవరికీ ఏమీ పట్టనట్టు ఉంటుంది. బల్లల మీద ఇంట్లో ఉన్నలాంటి మెషీన్లే వరసగా ఉన్నాయి. ఒక్కోదానికీ ఊపిరితిత్తులకి బదులు రబ్బరు తిత్తి తగిలించి ఉంది.

కోడలు ఒక తిత్తిని పిడికిలితో గట్టిగా నొక్కింది. దగ్గంటే మెషీన్‌కి అంతే, అవతలి నుంచి ఎదురొత్తిడి. తెర మీద ‘దగ్గు’ గుర్తు వెలిగి ఆరింది. మెషీన్ ఆగలేదు. మళ్ళీ నొక్కింది. పక్కదాన్ని నొక్కింది. దాని పక్కదాన్నీ నొక్కింది. ఒక్కటంటే ఒక్కటి ఆగితే ఒట్టు.

“ఏమిటమ్మా, తిత్తుల మీద కసి తీర్చుకుంటున్నావు?” అన్నాడు తలుపు దగ్గర నిలబడ్డ మేనేజరు. నవ్వు మొహం మనిషి. చెడ్డ వార్త చెప్పేటప్పుడు కూడా ఆ నవ్వు పోదు.

“మా ఇంట్లో ఆగుతోంది సర్. దగ్గినప్పుడల్లా.”

“ఇక్కడ ఆగట్లేదుగా.”

“ఇక్కడ ఆగట్లేదు.”

“మరింకేం? మీ ఇంటి మెషీన్‌లో ఏదో తీగ వదులై ఉంటుంది.”

ఆమె బల్లల వరస వైపు చూసింది. అన్ని తెరల మీదా పెద్దపెద్ద అక్షరాల్లో ఒకటే పేరు. టెస్ట్. టెస్ట్. టెస్ట్. నాలుగేసి ఇంగ్లీషు అక్షరాలు. పరీక్షకి ఇంకో పేరు పెట్టాలని ఇన్నేళ్ళలో ఎవరికీ తోచలేదు. తోచవలసింది తనకే.

పొద్దున తను గట్టిగా అన్న మాట ఆమెకి గుర్తొచ్చింది. పేరుకీ ఊపిరికీ సంబంధం లేదు.

దగ్గర్లోని మెషీన్‌లో పేరు చెరిపింది. బి, యు, జె, జె, ఐ. తిత్తి నొక్కింది.

తెర నల్లబడింది. రబ్బరు తిత్తి మెల్లిగా చతికిలబడింది.

మేనేజరు మొహంలో నవ్వు ఒక్క క్షణం దారి తప్పింది.

“ఇంకోసారి చెయ్యి,” అన్నాడు.

చేసింది. ఇంకోసారీ చచ్చింది. ‘అమ్మ’ అని పెట్టింది, ఎ, ఎం, ఎం, ఎ, ఇంగ్లీషులో అదీ నాలుగక్షరాలే. ఎంత నొక్కినా బతికే ఉంది. ఆమె తన కుర్చీలో కూలబడి కంప్యూటరు తెరిచింది. ఏం వెతకాలో తెలిశాక దొరకడానికి ఎంతసేపు?

“దగ్గు వచ్చినప్పుడు మెషీన్ దాన్ని రాసి పెట్టుకుంటుంది కదా సర్. ముందు పేరు, దాని వెనకాలే ఒత్తిడి అంకె, గాలి అంకె. మెమరీలో చోటు వృథా కాకూడదని మన పెద్దలు అన్నీ సందు లేకుండా ఇరికించారు. మెమరీ అంటే నాలుగేసి గళ్ళున్న అరలు. పేరు నాలుగక్షరాలైతే ఒక అర సరిగ్గా నిండుతుంది, అంకెలు తర్వాతి అర మొదట్లోంచి మొదలవుతాయి. అయిదైతే ఒక గడి పక్కకి జరుగుతాయి. సగం ఇందులో, సగం అందులో.”

“ఎప్పట్నుంచో అలాగే ఉందిగా?”

“ఉంది. పాత కంపైలర్, అదే మనం రాసిన ప్రోగ్రాంని చిప్ భాషలోకి మార్చేది, ఒక్కో గడీ విడివిడిగా ఏరి తెమ్మనేది. ఆలస్యమైనా తప్పు జరిగేది కాదు. మనం మార్చిన కొత్త కంపైలర్‌కి తొందరెక్కువ. రెండంకెలూ పక్కపక్కనే ఉన్నాయి కదా అని, ఒకేసారి ఎత్తమని చిప్‌కి చెబుతోంది. అర మొదట్లో లేని అంకెల్ని అలా జంటగా ఎత్తడం ఆ చిప్‌కి చేతకాదు. అక్కడికక్కడే ఆగిపోతుంది.”

మేనేజరు గడ్డం గోక్కున్నాడు. “ఆసుపత్రులవాళ్ళు పేరు బదులు మంచం నంబరు కొడతారు. నాలుగంకెలే. కాబట్టి అక్కడ బాధ లేదు.”

“లేదు సర్. ఇళ్ళలోనే. అదీ పేరు పెట్టుకున్న ఇళ్ళలో.”

ముద్దుగా పిలుచుకున్న ఇళ్ళలోనే ఊపిరాగుతుంది. ఆ మాట పైకి అనలేక ఆమె కిటికీ వైపు చూసింది.

“వెంటనే పాత ప్రోగ్రాం వెనక్కి వెయ్యాలి సర్. అందరికీ.”

“వెయ్యాలంటే ప్రతి ఇంటికీ మనిషి వెళ్ళాలి. మెషీన్ కాసేపు ఆపాలి. ఆ కాసేపూ ఎవరు ఊపిరి పోస్తారు? పైవాళ్ళ అనుమతి కావాలి. అది ఇవాళా రేపట్లో తేలేది కాదు.” కుర్చీ లాక్కుని ఆమె ఎదురుగా కూచున్నాడు. “నువ్వే చెప్పావు, నాలుగక్షరాలైతే ఆగదని. అందరికీ ఓ మెసేజ్ పంపుదాం. పేరు నాలుగక్షరాలకి మార్చుకోండి, చాలు అని. ఇప్పటికిప్పుడు ప్రాణాలు కాపాడే పని అదే కదా?”

ఆమె ఆలోచించింది. మనిషి మీద చిరాకే గానీ, మాటలో తప్పు దొరకలేదు. నాలుగు నిజంగానే నాలుగు. అంకెలు అర మొదట్లోనే పడతాయి.

“ఎందుకు మార్చాలో కూడా రాద్దాం సర్. తప్పు మనదని.”

“అది తర్వాత. ముందు భయపెట్టకూడదు. కింద నీ హోదా పెడదాం. కంపైలర్ మార్పుకి సంతకం పెట్టింది నువ్వే కదా. ఈ విషయం మెసేజ్ వెళ్ళేదాకా బయట అనకు, ఇంట్లో కూడా.”

ఆమె అవునో కాదో అనేలోపే అతను లేచాడు. దాన్ని సరేనని రాసుకున్నాడు.

ఇంటికి ఫోను చేసింది. మొగుడు ఎత్తలేదు, సంచి పట్టుకుని ఉన్నాడేమో. మాస్టారు ఎత్తారు.

“మావయ్యా, మెషీన్‌లో పేరు మళ్ళీ ‘అమ్మ’ అని మార్చండి. వెంటనే.”

అవతల ఆయన వేళ్ళు ఫోను మీద టకటకలాడటం వినిపించింది.

“అంటే... నా వల్లేనామ్మా?”

మేనేజరు అక్కడే నిలబడి ఉన్నాడు, తల అడ్డంగా ఊపుతూ.

“వచ్చి చెప్తాను మావయ్యా.”

లేదండీ, మీ వల్ల కాదు అనడానికి ఎంత ఊపిరి కావాలి? ఆ కాస్త ఊపిరీ ఆమె దగ్గర లేకపోయింది.

*

ఇల్లు చేరేసరికి ఎండ గోడల మీంచి దిగుతోంది. మాస్టారు వీధి మెట్ల మీద కూచుని ఉన్నారు. ఆయన అలా బయట కూచోవడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

“మార్చానమ్మా,” అన్నారు తలెత్తకుండా. “నువ్వు చెప్పగానే మార్చేశాను. బుజ్జి చూస్తూనే ఉంది. ఎందుకని అడిగింది. ఏం చెప్పను?”

“లోపలికి రండి మావయ్యా.”

“నేను రానులే. వాడు లోపలున్నాడు.”

“రండి. నేనున్నానుగా.”

ఆయన గుమ్మం దాకా వచ్చి ఆగారు. లోపల మొగుడు కుర్చీలో వెనక్కి వాలి కూచున్నాడు. చేతుల్లో సంచి లేదు.

“చూశావా?” అన్నాడు ఆమెతో. “పేరు తీసేశాక ఒక్కసారి ఆగలేదు. నేను పొద్దుట్నించి మొత్తుకుంటున్నది అదే. నువ్వేమో సంబంధం లేదని ఆయన్ని వెనకేసుకొచ్చావు.”

మాస్టారి కుడిచేతి వేళ్ళు గుమ్మం కర్ర మీద కదిలాయి, కొడుకు మాటల్నే కొడుతున్నట్టు.

ఆగకపోవడానికి కారణం దగ్గకపోవడమని కోడలికి తెలుసు. అత్తగారి పెదవులు నీలం తిరుగుతున్నాయి. నర్సమ్మ తల ఊపింది, ఇక లాభం లేదన్నట్టు.

“ముందు అత్తయ్య దగ్గాలి,” అంది కోడలు. “మిగతా గొడవ తర్వాత. అన్నీ చెప్తాను.”

మంచం మీద వంగి అత్తగారి చెయ్యి పట్టుకుంది.

“అత్తయ్యా, ఎందుకు ఆగుతోందో దొరికింది. బాగు చేశాం. ఇంక దగ్గినా ఆగదు. ధైర్యంగా దగ్గండి.”

అత్తగారు తెర వైపు చూశారు. ‘అమ్మ’ అని ఉంది. తర్వాత కోడలి వైపు చూశారు. చాలాసేపు చూశారు.

‘నిజంగా?’

“నిజంగా. నాదీ పూచీ.”

అత్తగారు కళ్ళు మూసుకున్నారు. ఇంతసేపూ బిగబట్టినదంతా ఒక్కసారిగా కదిలింది. బక్కపలచటి గుండె ఎగిరిపడింది. ఒక దగ్గు, దాని వెనకాలే ఇంకోటి.

తెర నల్లబడింది.

బుస్సుమనే శబ్దం ఆగిపోతే ఆ గది ఎంత పెద్దదిగా ఉంటుందో. కోడలు సంచి లాక్కుని తగిలించింది. నొక్కింది. పొద్దున మెత్తగా నలిగిన సంచి ఇప్పుడు రాయిలా ఉంది. కదిలిన కఫం దారికి అడ్డం పడింది.

“లాగమ్మా, గొట్టం పెట్టి లాగు,” అంది నర్సమ్మతో. నర్సమ్మ అప్పటికే వంగి ఉంది.

మొగుడు కుర్చీలోంచి లేచాడు. అలవాటుగా తల తండ్రి వైపు తిరిగింది.

“ఈసారి నేను ముట్టుకోలేదురా,” అన్నారు మాస్టారు.

అప్పుడే మొగుడి జేబులో ఫోను టంగుమంది. మెషీన్ అతని పేరు మీద ఉంది కాబట్టి కంపెనీ మాటలన్నీ అతనికే వస్తాయి. తీశాడు. చదివాడు. పైకి చదవడం మొదలుపెట్టాడు, ఎవరి కోసమో తెలియకుండానే.

“రోగి పేరు సరిగ్గా నాలుగు ఇంగ్లీషు అక్షరాలు లేకపోతే దయచేసి నాలుగుకి మార్చండి. ఆ తర్వాత యంత్రం పూర్తిగా సురక్షితం.” గొంతు మారింది. “ఇట్లు, ప్రోగ్రాం విభాగం బాధ్యురాలు. ఇది నువ్వు కదూ? అంటే నీకు ముందే తెలుసా? పేరు నాన్న మార్చడం కాదా తప్పు?”

కోడలు వినలేదు. అమ్మ నాలుగక్షరాలే. నాలుగంటే నాలుగే. ఆఫీసులో తన కళ్ళతో చూసింది. మరి ఎలా?

మెషీన్ లేస్తోంది. లేచి, ఎప్పట్లాగే, రోగి పేరు ఇదేనా సరిచూసుకోండి అని అడిగింది. తెర మీద ‘అమ్మ’. అక్షరాల చివర చిన్న గీత మిణుకుమిణుకుమంటోంది, తర్వాతి అక్షరం అక్కడ పడుతుందని చెప్పే గీత.

గీత చివరి అక్షరాన్ని ఆనుకుని లేదు. ఒక్క అక్షరం ఎడంగా ఉంది.

ఆమె గుమ్మం వైపు చూసింది. మాస్టారి వేళ్ళు కర్ర మీద కొడుతూనే ఉన్నాయి, కొడుకు అడిగిన ప్రశ్ననే. ఒక్కో మాట చివరా బొటనవేలు విడిగా పడుతోంది. టక్. మాట ముగిస్తే బొటనవేలు పడాలి, రెండు మాటల మధ్య ఖాళీ ఉండాలి. వేలమంది పిల్లలకి ఆయన నేర్పిన మొదటి పాఠం అదే. ‘అమ్మ’ అని కొట్టారు. మాట ముగిసింది. వేలు పడింది. కంటికి కనిపించని ఆ ఖాళీ కూడా మెషీన్‌కి ఒక అక్షరమే.

అయిదో అక్షరం.

ఆమె అక్షరాలు లెక్కపెట్టింది గానీ, కొట్టే చేతుల్ని తల్చుకోలేదు. ఆ మెసేజ్ చదివి, ఇప్పుడు ఎన్ని ఇళ్ళలో ఎంతమంది పేర్లు మారుస్తున్నారో. ఎంతమంది వేళ్ళకి ఈ అలవాటుందో.

“ఫోను నా చెవి దగ్గర పెట్టు,” అంది మొగుడితో. “మేనేజరుకి చెయ్యి. త్వరగా.”

అతను కదల్లేదు. ఆ మెసేజ్ వైపే చూస్తున్నాడు.

ఆమె చేతులు సంచిని వదల్లేవు. పిడికిళ్ళు రెండూ బిగించి నొక్కింది. గాలి సగమే దిగింది. అత్తగారి కళ్ళు తెరుచుకుని కోడలి మొహం మీదే నిలిచాయి. వాటిలో కోపం లేదు, అదే భరించలేకపోయింది కోడలు. నీలం తిరిగిన పెదవులు కదిలాయి. ఆ పెదవుల మీది మాట చదవడం ఆ ఇంట్లో అందరికంటే కోడలికే బాగా వచ్చు.

‘దగ్గమన్నావుగా.’